గడప బయట కమలవ్వ

కూసో బిడ్డా, ఆ కుర్చీల పుస్తకాలు కింద పెట్టి కూసో. ఏందీ, కమలవ్వ ముచ్చటా? నీ ముత్తవ్వ సంగతి మీ ఇంట్లనే అడగొచ్చు గదా. ఆఁ, చెప్పరు, నాకెరుకే. గోడకు ఫోటో గూడ పెట్టనోళ్ళు ముచ్చటేం చెప్తరు. సరే మనీషా, నీకు తెలిసింది ముందు నువ్వు చెప్పు. గదే, గదే. కవాడిగూడల గత్తర, అంటే కలరా, వచ్చిన యేడు క్రైస్తవురాలై ఉండి బోనమెత్తింది; దేవుడు మొఖం తిప్పుకున్నడు; కొడుకు పోయిండు; ఆ సిగ్గుతోని సచ్చేదాక చర్చి గడప లోపల అడుగుపెట్టలే. నారాయణగూడ నుంచి ముషీరాబాద్ దాక మనోళ్ళందరు చెప్పే కథ గదే. ముందు పాపం, ఎనక శిక్ష, ఆ ఎనక సిగ్గు, బడిపిల్లల లెక్క వరుసగ నిలబడ్డయి. నలభై ఏండ్లు చరిత్ర పాఠం చెప్పినోణ్ణి. ఇంత వరుస మీదున్న కథ కనబడితే నాకు నమ్మబుద్ధి కాదు. ఇంకేమంటది మీ అమ్మ? నీ గ్రూప్ టూ పరీక్ష రెండుసార్లు పోయింది గూడ కమలవ్వ పాపమేనా? మన ఇంటికి దేవునికి నడుమ ఆమె అడ్డమున్నదంటదా. మరి ఈ అశోక్‌నగర్ గల్లీలల్ల చదివి పరీక్ష పోయిన పిల్లగాండ్లకు ఒక్కొక్కనికి ఎందరు ముత్తవ్వలున్నరో అడుగు. నవ్వకు, నవ్వకు. నువ్వు దానికోసమే వచ్చినవని నీ మొఖం చూస్తేనే తెలుస్తున్నది.

కమలవ్వ పాలమూరు నుంచి వచ్చింది, కూలిపనికి. లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు ఇండ్లు లేస్తుంటే సున్నం మోసేది. ఇక్కడికొచ్చినంకనే బాప్తిస్మం తీసుకున్నది. గొంతు ఎట్లుండెనంటవ్? పాట మొదలువెడితే అందరికన్న ఒక చరణం ముందుండేది. హార్మోనియం ఆయన పరేషానయ్యి, "అమ్మా, జర మాకోసం ఆగు" అనేటోడట. "మీరు జర ఉరకుండ్రి" అనేదట ఆమె. ముందు బెంచీల మీద చిక్కడపల్లి ఉద్యోగస్తులు, ఎనక చాప మీద బస్తీవాళ్ళు. రాసిపెట్టిన నియమం కాదు, ఎవరూ తప్పని పద్ధతి. మా నాయన ముందు బెంచీ. సంఘ పెద్ద. ఆయనను తక్కువ చేసి మాట్లాడుడు నాకు ఇష్టం లేదు, ఎక్కువ చేసి మాట్లాడే ముఖం గూడ లేదు. గత్తర వచ్చిన యేడు కొడుక్కు వాంతులు పట్టుకున్ననాడు కమలవ్వ వచ్చి మా గేటు కాడ నిలబడ్డది. "అయ్యా, వచ్చి ఒక్క ప్రార్థన చేయుండ్రి" అన్నది. "నీళ్ళు కాగవెట్టి తాపు, ఆదివారం ఆరాధనల పేరు చెప్పి ప్రార్థిస్తం" అన్నడట. ఈ మాట మా అమ్మ చెప్పింది, ఆయన పోయినంక. ముందు బెంచీలోళ్ళు ఒక్కరు బస్తీకి పోలే. పోయి పిల్లగాని కాడ కూసున్నది పక్కింటి బాలనాగమ్మ. పోచమ్మను మొక్కే మనిషి.

ఇగ బోనం. ఎత్తింది నిజం, అండ్ల అనుమానం లేదు. ఎవరికోసం ఎత్తిందన్నది ఎవరూ అడగలే. నేను ఆమెనే అడిగిన, కాలేజీల చేరిన కొత్తల. చర్చి గడప బయట కూసొని చెప్పులు దులుపుకుంటున్నది. "బాలనాగమ్మ బిడ్డకు జబ్బు తగిలింది అయ్యా. తగ్గితే బోనమెత్తుతనని మొక్కింది. తగ్గింది. ఆషాఢం వచ్చేసరికి బాలనాగమ్మే మంచాన పడ్డది. మొక్కు ఆగుతదా? నేనెత్తిన" అన్నది. మరి నీ కొడుకు కోసం కాదా అవ్వా అన్న. "వాడప్పటికే లేడు గదా" అన్నది, ఎండ ఎక్కువున్నదన్నట్టు. బోనమెత్తినోళ్ళు ప్రభువు బల్ల కాడ రొట్టె, ద్రాక్షరసం మళ్ళ అందుకోవాలంటే సంఘం ముందు నిలబడి తప్పయిందనాలె, అది మన రివాజు. మా నాయన పిలిచి చెప్పిండు: "ఒక్క మాట, కమలా. తప్పయిందను, లోపలికి రా." ఆమె ఏమన్నదంటే, "పిల్ల బతికి తిరుగుతున్నది. తప్పయిందని ఎట్లంట? దేవుని ఎదుట అబద్ధమాడినట్టు గాదా?" అంతే. లోపలికి రాలే, ఇంటికి పోలే. ప్రతి ఆదివారం గడప బయట కూసొని, పాట మాత్రం ఒక చరణం ముందే పాడేది.

మా నాయన దాని మీద ప్రసంగం గూడ చేసిండు. బైబిల్ల పాత ప్రవక్త ఒకాయన మాట తీసుకొని. దేవునికి చేతగాక కాదు, వినబడక కాదు, మీరు చేసిన పనులే నడుమ అడ్డం నిలబడ్డయంటడు ఆ ప్రవక్త. నాయన అది చదివి గడప దిక్కు చూసిండట. సభంత చూసిండ్రట. నేను ఆ మాటలు పెద్దయినంక చదివిన, ముందువెనకలు కలిపి చదివిన. ఎవరితోని అన్నడు? ఉపవాసాలుండి, తలలు వంచుకొని, మా మొర ఎందుకు వినవని దేవుణ్ణి నిలదీసేటోళ్ళతోని. ఆపదల ఉన్న సొంత మనిషిని చూసి మొఖం చాటేసేటోళ్ళతోని. లోపల కూసున్నోళ్ళకు చెప్పిన మాటను బయట కూసున్నామె మీదికి తోలిండ్రు. దేవుడు పుట్టించిన ఆ మొదటి జంటను గూడ చూడు బిడ్డా, తోటలకెళ్ళి దేవుడు ఎల్లగొట్టక ముందే చెట్ల చాటుకు పోయిండ్రు. ఎడం కావుడు మనిషితోనే మొదలైంది. మనోళ్ళకు చాటుకు చెట్లు దొరకలే, కమలవ్వ దొరికింది. ఆమె పేరెత్తితే నాకు ఇప్పటికీ ముందు బెంచీ మీద కూసోను మనసొప్పదు.

లేదు లేదు, నా మాట నమ్మమంటలేను. ముసలామె తన మీది నింద తప్పించుకోను అట్ల చెప్పిందనొచ్చు. నోటిమాట సాక్ష్యమే గని రుజువు కాదు. నేను గూడ చానా ఏండ్లు అట్లనే పక్కకు పెట్టిన. మొన్న నారాయణగూడ సమాధుల తోటల మా అమ్మ సమాధి కాడికి పోయిన. తూర్పు గోడ పొంటి పిల్లల సమాధులున్నయి, చిన్నచిన్న రాళ్ళు. ఒకదాని మీద నాచు గీకి చూస్తే ఈదయ్య చెక్కిన అక్షరాలు. ఈదయ్య అంటే కమలవ్వ పెనిమిటి, మీ ముత్తాత, రాతిపని చేసేటోడు. కొడుకు పేరు, దాని కింద తారీఖు. మీ అమ్మను తోలుకపోయి చూపియ్యి. బోనాలు ఆషాఢంలనే గదా తీస్తరు. ఆ యేడు ఆషాఢం పట్టింది జూన్ పద్దెనిమిదిన, పాత పంచాంగం తీసి చూసిన. రాయి మీద ఉన్నది, 1958 మే 9.