పుల్లబడిన ఫ్లాస్కు

సభకి అధ్యక్షత వహిస్తున్న కళాశాల కమిటీ పెద్దలు శేషగిరిరావు గారికి, ప్రిన్సిపాల్ వెంకటకృష్ణారావు గారికి, తోటి అధ్యాపకులకు, పని మానుకుని ముసునూరు నుంచీ మైలవరం నుంచీ వచ్చిన నా పాత విద్యార్థులకు నమస్కారం.

ఈరోజు నా ఉద్యోగంలో చివరి రోజు. పొద్దున్న మామూలుగానే వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టాను. సెకండియర్ వాళ్ళకి పాఠం చెప్పాను. మధ్యాహ్నం బోటనీ ల్యాబు తాళాలు కాత్యాయని గారికి అప్పగించాను. ఆవిడ నా దగ్గరే చదువుకుని ఇక్కడే లెక్చరర్ అయ్యారు. సాయంత్రం మీరు నాకు ఉన్ని శాలువా కప్పారు. జూన్ నెలలో. (నవ్వులు) అంతకుమించి ఏమీ జరగలేదు.

ఇంతకుముందు మాట్లాడినవారు నన్ను పరిశోధకుడన్నారు. అంత లేదు. నా దగ్గర ఉన్నది ఒక్క ప్రశ్న. అదీ నాది కాదు, మా ఆవిడ జ్ఞానప్రసూనాంబది. ఒక వానాకాలం ముసునూరులో వాంతులూ విరేచనాలూ ప్రబలినప్పుడు, జీర్ణాశయంలో ఉండే ఆమ్లం సూక్ష్మజీవుల్ని చంపేస్తుందని నేనేదో పాఠం చెప్పినట్టు చెబుతుంటే, ఆవిడ బియ్యం ఏరుతూ, "మరి అంత ఆమ్లం దాటుకుని ఇవి పేగుల దాకా ఎలా పోయాయండీ?" అంది. అప్పటికి "కొన్ని పోతాయిలే" అన్నాను. ఆవిడ ఊరుకోలేదు. వారానికోసారి అడిగేది.

తర్వాత చదివితే, జీర్ణాశయంలోనే కాపురముండే బ్యాక్టీరియా కూడా ఉందని బయటి దేశాల డాక్టర్లు చూపించారని తెలిసింది. ప్రశ్న ఇంకా పెద్దదయింది.

సైన్సు చదవనివారి కోసం రెండు మాటలు. పాలలో నిమ్మకాయ పిండితే విరిగిపోతాయి. పాలలోని ప్రొటీన్లు పులుపు తగిలి ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. బ్యాక్టీరియా ఒంట్లో ఉన్నవీ ప్రొటీన్లే. ప్రతిదీ ఒక దారం. తన పద్ధతిలో మడతపడి ఉంటేనే పని చేస్తుంది. ఘాటైన ఆమ్లంలో ఆ మడత విడిపోతుంది. విడిపోయినవి ఒకదానికొకటి చుట్టుకుంటే ఇక అంతే. అలా చుట్టుకోకుండా, విడిపోయినదాన్ని పట్టుకుని, గండం గడిచాక వదిలిపెట్టే ప్రొటీన్లు కొన్ని ఉన్నాయట. వదిలాక అది మళ్ళీ తన మడతలోకి వస్తుంది. వీటికి ఈమధ్య షాపరోన్లని పేరు పెట్టారు. ఈడొచ్చిన పిల్ల బయటికెళ్తే వెంట పంపే పెద్దావిడ అని అర్థం. ఇది చెబితే మా ఆవిడ, "తోడుపెద్దమ్మ అనండి, తేలిగ్గా ఉంటుంది," అంది. మా ఇంట్లో అదే పేరు ఖాయమయింది.

వేడి నుంచి కాపాడే తోడుపెద్దమ్మలు ఉన్నాయని తెలుసు. ఆమ్లం నుంచి కాపాడేది ఎవరన్నది నేను చదివినంతలో ఎక్కడా దొరకలేదు.

ఇక అసలు సంగతి. పోయిన సంవత్సరం మామిడికాయల రోజుల్లో మన ల్యాబు ఇంక్యుబేటర్లో, అంటే బ్యాక్టీరియాని పెంచే వెచ్చటి పెట్టెలో, పై అరనిండా ఎవరో రసాల మామిడికాయలు పండటానికి ముగ్గేశారు. కింది అరలో నేను బ్యాక్టీరియా పెంచుతున్న ఫ్లాస్కులున్నాయి. ఒక కాయ పగిలి, రసం దూది బిరడా మీదుగా ఒక ఫ్లాస్కులోకి కారింది. ముగ్గేసినది ఎవరో నాకు తెలుసు. ఫిజిక్సు పాండురంగారావు గారూ, మీరు తల దించుకోనక్కర్లేదు.

(పాండురంగారావు గారు, వెనక వరుస నుంచి: "కమిటీ వారు తట్ట పంపితే ఎక్కడ పెట్టమంటారు మాష్టారూ? అదొక్కటే వెచ్చగా ఉంది." నవ్వులు.)

శేషగిరిరావు గారూ, ఆ కాయలు మీ తోటవే. తియ్యగా ఉన్నాయి.

ఫ్లాస్కు పారబోయబోయాను. వాసన చూస్తే కొంచెం పుల్లబడింది. పోనీ చూద్దామని, దాంట్లోవీ పక్క ఫ్లాస్కులోవీ జఠరరసమంత ఘాటైన ఆమ్లంలో వేశాను. పక్క ఫ్లాస్కువి దాదాపు అన్నీ చచ్చాయి. పుల్లబడినదానిలోవి చాలా బతికాయి. ముందు కొంచెం పులుపు తగలడం వల్ల లోపల ఏదైనా సిద్ధమయిందా? లేక మామిడిరసంతో వేరే బ్యాక్టీరియా వచ్చి పడిందా? ఒకసారి చూసినదాన్ని నమ్మకూడదు. శుభ్రమైన ఫ్లాస్కులతో మళ్ళీ చేయాలి.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. అప్పటికే మా ఆవిడ మంచం మీద ఉంది. అంతా విని, "అయితే ఆ కాస్త పులుపుకే తోడుపెద్దమ్మ ముందే లేచి కూర్చుందేమో. మళ్ళీ చేసి చెప్పండి. తొందరేం లేదు," అంది.

ఆగస్టులో పోయింది. ఆ తర్వాత నేను ఇంక్యుబేటర్ తలుపు తీయలేదు.

ఈమధ్య మళ్ళీ తెలుసుకోవాలనిపిస్తోంది. అందుకని సభాముఖంగా అడుగుతున్నాను. ప్రిన్సిపాల్ గారూ, ల్యాబులో మూల బెంచీ ఒక్కటి ఈ వర్షాకాలం నాకు ఇప్పించండి. నా చేతులతో చేసి ముగిస్తాను.

(ప్రిన్సిపాల్ గారు: "గంగాధరం గారూ, కాదనడానికి నోరు రావడం లేదు. కానీ రేపట్నుంచి మీరు బయటివారు. యాసిడ్ సీసా మీ చేతికిచ్చి ఏదన్నా అయితే నేనెవరికి చెప్పుకోను?")

ఆయన మాట న్యాయమే. నేనైనా అలాగే అంటాను.

(కాత్యాయని గారు లేచి: "నేను చేస్తానండీ. సారు పక్కనుండి చెబితే చాలు.")

ఒక్క నిమిషం.

సరే, చేయండమ్మా. కానీ నేను పక్కనుండి చెప్పను. నేను చెబితే నాకు కావలసిన జవాబే వస్తుంది. ఆమ్లం ఎంత, ఎంతసేపు, ఎన్ని ఫ్లాస్కులు, అన్నీ మీరే తేల్చుకోండి. మా ఆవిడ ఊహ తప్పని తేలితే తప్పనే చెప్పండి. ఆవిడ ఏమీ అనుకోదు. ఎలా తప్పో అడిగేది, అంతే.

ఇన్నేళ్ళు నన్ను భరించిన అందరికీ, నా తరగతిలో నిద్రపోయినా పరీక్షలు పాసైనవారికి కూడా, కృతజ్ఞతలు. రేపు ఉదయం కాత్యాయని గారు ల్యాబు తలుపు తీసే వేళకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆవిడ బెంచీకి ఇవతలే నిలబడి చూస్తాను. సెలవు.