బుధుణ్ణి మధ్యలో ఆపకండి

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో టీ ఎప్పుడిస్తారా అని చూస్తున్న మిత్రులకు నమస్కారం. ఈ రోజు రిటైరవుతున్నది మా ఆవిడ. భర్త కూడా రెండు ముక్కలు మాట్లాడటం ఇక్కడి ఆనవాయితీ అన్నారు. ఇంట్లో ఆ అవకాశం తక్కువ కాబట్టి ఒప్పుకున్నాను. (నవ్వులు)

నాది పచారీ కొట్టు. హైస్కూలు దాటలేదు. ఆవిడ పారేసే చిత్తు కాగితాల వెనకవైపు రోజూ కొట్టు లెక్కలు రాసుకుంటూ, ముందువైపు ఏముందోనని తిప్పి చూస్తూ చూస్తూ కొంత నేర్చుకున్నాను. బుధగ్రహం సూర్యుడి చుట్టూ రెండు చుట్లు వేసేలోగా తన చుట్టూ తాను మూడుసార్లు తిరుగుతుందట. కాస్త అటూ ఇటూ ఊగినా మళ్లీ ఆ వరసకే వస్తుందట. తక్కిన గ్రహాలు లాగుతూ ఉంటే కోట్ల ఏళ్లలో దాని దారి మారుతుంది కదా, అప్పుడు కూడా ఈ పొత్తు నిలుస్తుందా, తెగుతుందా అన్నదే ఆవిడ ఉద్యోగమంతా. పెళ్లయిన కొత్తలో "తెగితే మనకేమిటి?" అని అడిగాను. "ఏమీ లేదు" అంది. అంత నిజాయితీ గల జవాబు మా వీధిలో ఎవరి దగ్గరా వినలేదు.

ఒకసారి ఆవిడ లెక్కలో తెగింది. ఈ హాల్లోనే చప్పట్లు కొట్టారు, పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వ్యాసం కూడా పత్రికకు వెళ్లింది. తర్వాత ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "గ్రహం కదల్లేదండీ, నా కంప్యూటరే తోసింది" అంది. లెక్క ప్రతి అడుగులో దశాంశాల చివర కత్తిరించిన తోకలన్నీ పోగుపడి గ్రహాన్ని పక్కకు నెట్టాయట. ఎవరూ పట్టుకోలేదు. తనే వ్యాసం వెనక్కి తీసుకుంది. రావలసిన ప్రమోషను దాని వెంటే వెళ్లింది. ఆ పూట వంట నేను చేశాను. ఉప్పు ఎక్కువైంది. ఆవిడ మారు వడ్డించుకుని తినేసింది. ఎంత బాధపడిందో అప్పుడు తెలిసింది.

తోకలు పోగుపడని పద్ధతిలో మళ్లీ మొదలుపెట్టిన లెక్క ఇప్పుడు సగం దాటింది. రిటైరైనవారి పేరున కంప్యూటర్లో నడిచే లెక్కలన్నీ ఆ సాయంత్రమే ఆపేయాలన్నది ఇక్కడి రూలు. డైరెక్టరు గారూ, దీన్ని ఆపకండి.

(డైరెక్టరు గారు: "మేడమ్ నన్ను ఒక్క మాటైనా అడగలేదే!")

అడగదండీ. వ్యాసం వెనక్కి తీసుకున్నప్పటి నుంచి ఈ ఆఫీసును ఏదీ అడగలేదు. కుర్చీ చెయ్యి ఊడితే మా కొట్లోంచి పురికొస తీసుకెళ్లి కట్టుకుంది. (నవ్వులు)

(ముందు వరుస నుంచి ఆవిడ: "ఏవండీ, పరువు తీసింది చాలు, దిగండి.")

దిగుతాను. జవాబు రానీ.

(డైరెక్టరు గారు: "రూలంటే రూలేనండీ. ఉద్యోగంలో ఉన్నవాళ్ల పేరొకటి కావాలి.")

(వెనక నుంచి, ఇక్కడే పనిచేసే ఆవిడ శిష్యురాలు: "నా పేరున పెట్టండి సార్! కాకపోతే మేడమ్ రోజూ వచ్చి నన్ను తిట్టాలి. తిట్లు లేకపోతే నాకు లెక్క నడవదు." చప్పట్లు. డైరెక్టరు గారు తల ఊపారు.)

తల ఊపారు, అందరూ చూశారు. కృతజ్ఞతలు. ఆ అమ్మాయికి కూడా. ఆవిడ ఇంటిపట్టున ఉంటుంది కదా అని, రేపటి నుంచి మధ్యాహ్నాలు కొట్టు మూసి ఇంటికి వెళ్దామనుకున్నాను. ఇక ఎప్పటిలాగే తెరిచే ఉంటుంది, సరుకులకు రావచ్చు. సెలవు.