ఆ ఎర్రగుడ్డ ఏది?

చెప్తాను కానీ, అంతా అచ్చంగా ఇలాగే జరిగిందని మాత్రం అనుకోకు. ఈ వయసులో గుర్తుండటం వేరు, గుర్తున్నట్టుండటం వేరు. మొన్న మీ అమ్మ చిన్నప్పటి గౌను పచ్చదని నేను గొంతు చించుకుని వాదిస్తే, అది ఫోటో తెచ్చి నా ముందు పెట్టింది. నీలం! అందుకని మా అన్నయ్య పద్ధతిలోనే చెప్తాను. ఎవరైనా ఏదైనా అనడం ఆలస్యం, "చూశావా, విన్నావా, అనుకున్నావా?" అనేవాడు. పక్కింటాయన ఇల్లు అమ్మేస్తున్నాడంటే అదే ప్రశ్న, కూరలో ఉప్పెక్కువైందంటే అదే ప్రశ్న. అమ్మకి ఒళ్ళు మండిపోయేది. "ఒరేయ్, ఆకలేస్తోందని వచ్చినప్పుడు నేనూ ఇలాగే అడుగుతాను చూడు" అనేది. అడిగింది కూడా ఒకసారి. "అనుకున్నానమ్మా, నువ్వు అన్నం పెడితే తేలిపోతుంది" అన్నాడు. ఏం చేస్తాం అలాంటివాణ్ణి! లాండ్రీలో వాడికి అడ్డుపుల్ల అని పేరు పెట్టారు. పెడితే పెట్టుకోనీ. పుల్ల అడ్డం లేకపోతే తలుపు ఏ గాలికైనా ధడాలున మూసుకుపోతుంది, లోపలున్నవాళ్ళ వేళ్ళు నలుగుతాయి.

ఆ లాండ్రీ ఇప్పుడు లేదులే. పొడుగాటి షెడ్డు. గుమ్మంలోకి రాగానే ఏరే బల్ల. మూటలు విప్పి తెల్లవి ఒకవైపు, రంగువి ఒకవైపు వేరుచేసేది అక్కడే. తర్వాత ఉతికే డ్రమ్ములు, తర్వాత ఇస్త్రీ బల్లలు, అన్నిటికంటే వెనక మా మడతల గది. అన్నయ్య ఇస్త్రీ మేస్త్రి. ఏరే బల్ల దగ్గర ఒకావిడ ఉండేది, గలగల అనేవాళ్ళం. నిద్రలో కూడా నోరు మూతపడదని వాళ్ళాయన చెప్పేవాడట. ఇది విన్నది. ఇద్దరు పిల్లలు, ఆ మొగుడు మంచం మీద, సంపాదన ఆవిడదొక్కటే. ఇది చూసింది. ఒకరోజు హోటలువాళ్ళ తెల్ల దుప్పట్లు డ్రమ్ములోంచి గులాబీరంగులో బయటికొచ్చాయి. మరకలు కాదే, నిండా పట్టేసింది, పసిపిల్ల బుగ్గల్లా ముచ్చటగా ఉన్నాయి. హోటలువాళ్ళకి ముచ్చటగా లేదనుకో. ఇంకేముంది, తెల్లవాటిలో ఏదో ఎర్రగుడ్డ కలిసిపోయింది, ఏరేది గలగల, కాబట్టి తప్పు గలగలది. గ్లాసులో టీ చల్లారేలోపు తీర్పు అయిపోయింది. ఆవిడ మాత్రం ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. "చూశారా, తప్పు చేసింది కాబట్టే నోరు పెగల్లేదు" అన్నారు. మాట్లాడి ఉంటే, తప్పు చేసింది కాబట్టే అంత మాట్లాడుతోందనేవాళ్ళు. ఇది నేను అనుకున్నది, లెక్కలో వెయ్యకు.

లాండ్రీ నడిపే మా అయ్యగారికో గొప్ప ఉండేది. "నేనెవర్నీ పనిలోంచి తియ్యను, మీరే తీస్తారు" అనేవాడు. ఎవరినైనా పంపించాలంటే ఉతికేవాళ్ళనీ ఇస్త్రీవాళ్ళనీ పెద్ద బల్ల చుట్టూ నిలబెట్టి, ముందు తను చెయ్యెత్తేవాడు. ఆయన చెయ్యి లేచాక ఎవరి చెయ్యి కింద ఉంటుంది చెప్పు? "ఒక్క చెయ్యి లేవకపోయినా పంపించను" అని వచ్చేపోయే వాళ్ళందరికీ చాటుకునేవాడు. ఎప్పుడూ అలా జరగలేదు కాబట్టి చాటుకునేవాడు. మా మడతల గదివాళ్ళకి చెయ్యెత్తే హక్కు లేదు, గుమ్మంలో నిలబడి చూడటమే. ఆ రోజూ ఆయన చెయ్యి లేచింది, వరసగా అందరివీ లేచాయి. అన్నయ్యవి రెండూ బల్లమీదే ఉన్నాయి. అయ్యగారు నవ్వాడు. "ఏమయ్యా, చెయ్యి నొప్పా?" "లేదండీ. ఆ ఎర్రగుడ్డ ఏదండీ?" "ఏ గుడ్డ?" "అదేనండీ, కలిసిపోయిందంటున్నారే, ఆ గుడ్డ. డ్రమ్ము ఖాళీ చేసింది మనమే కదా, దుప్పట్లు తప్ప ఇంకేం కనబడలేదు." సూపర్‌వైజరు ఎగిరాడు. "దాచేసి ఉంటుందయ్యా, ఆ మాత్రం తెలీదా!" అన్నయ్య తాపీగా అన్నాడు. "గుడ్డ దొరికితే ఆవిడ తప్పు. దొరక్కపోతే దాచేసింది కాబట్టి ఇంకా పెద్ద తప్పు. మరి ఏం కనబడితే ఆవిడ తప్పు కాదంటారో అది చెప్పండి, దాన్నీ వెతుకుదాం." ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. చెయ్యి ఎత్తేటప్పుడు బరువుండదే, అలాగే పట్టుకుని నిలబడినప్పుడు తెలుస్తుంది. "అయితే ఎవరు చేశారో నువ్వే చెప్పు" అన్నాడు అయ్యగారు. "నాకు తెలీదండీ." "తెలీనివాడివి నోరు మూసుకో." "తెలీదు కాబట్టే చెయ్యి ముడుచుకున్నానండీ. నోరు మీరు తెరిపించారు."

నవ్వకు. అప్పుడు మాకు నవ్వు రాలేదు. "చెయ్యెత్తుతావా, ఇస్త్రీ పెట్టె దించుతావా?" అన్నాడాయన. అన్నయ్య తన పెట్టె తీసి నేలమీద పెట్టాడు. "ఇక మీ మాట మిగిలిందండీ, ఒక్క చెయ్యి లేవకపోయినా పంపించనన్నది" అన్నాడు. అంతమందిలో ఆయన మింగలేక కక్కలేక లోపలికెళ్ళిపోయాడు. గలగల మర్నాడు మామూలుగా పనికొచ్చింది. ఇస్త్రీ మేస్త్రి తడిమూటలు మోసేవాడయ్యాడు. ఆ నడుం నొప్పి వాడితోనే పోయింది. పోనీ ఆవిడైనా దణ్ణం పెట్టిందా? కుళాయి దగ్గర నిలేసింది. "ఏం అన్నా, 'ఆవిడ చెయ్యలేదు' అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?" "నాకు తెలీదమ్మా." "నన్ను చూస్తే తెలీదా?" "చూస్తే నువ్వు మంచిదానివని తెలుస్తుంది. గుడ్డ సంగతి తెలీదు." గలగల కొన్నాళ్ళు వాడితో పలకలేదంటే ఎంత మండిందో చూడు! ఇంట్లో అమ్మ తిట్లు ఇంకో వాయి. "నలుగురితో పాటు నడిస్తే కాళ్ళరిగిపోతాయిట్రా?" "నడుస్తానమ్మా, ఎక్కడికో ముందు చెప్పమను." వాడిది ధైర్యమా, ఉత్త మొండితనమా అని ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ధైర్యమైతే కాళ్ళు వణకకూడదు కదా. గుమ్మంలోంచి నాకు వాడి కాళ్ళు కనబడుతూనే ఉన్నాయి. వణికాయి. చేతులు మాత్రం బల్లమీంచి లేవలేదు.

ఏమిటి, అలా చూస్తున్నావు? ఆఖరికి ఎవరి తప్పని తేలిందనా? తేలింది. నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు, చెప్పను కూడా. ఆవిడ తప్పు కాదంటే, "ఓహో, తాత ఎంత తెలివైనవాడో" అంటావు. ఆవిడదే తప్పంటే, "పాపం, ఉత్తపుణ్యానికి నడుం విరగ్గొట్టుకున్నాడు" అంటావు. ఆ రెండింట్లో ఏదీ ఆ పూట వాడి దగ్గర లేదు. వాడి దగ్గరున్నది ఆ ఒక్క ప్రశ్నే. రేపు మీ ఆఫీసులో, ఇందాక నువ్వు చెప్పిన ఆ పిల్ల మీద అందరూ చేతులెత్తినప్పుడు నీ దగ్గరా అంతకంటే ఏమీ ఉండదు. వాళ్ళేమంటారోనని నన్నడక్కు. అంటారు. అననీ. లే, ముందు ఆ కిటికీ వెయ్యి, జల్లు లోపలికి కొడుతోంది.