కొండ గెలిచిన నాడు

సాయంత్రం, హైదరాబాద్ బార్కస్‌లో జుల్ఫికర్ ఇంటి అరుగు. పాలు పోసే వైకుంఠం క్యాను కింద దించి, ఎన్నేళ్ళుగానో అడగాలనుకున్న మాట అడిగేశాడు.

“ఇద్దరూ ఒక్క దేవుణ్ణే మొక్కి తుపాకి పేలుస్తరు గద జుల్ఫీ భాయ్. మరి ఆయన ఎవరి మాట వింటడు?”

“గిప్పుడు గిదేం సవాల్ వైకుంఠం?”

“యెమన్‌ల లొల్లి మొదలైన కాన్నుంచి కడుపుల పెట్టుకున్న. దీపం ముట్టిచ్చి దండం పెట్టినా గదే యాదికొస్తది. నువ్వు రంది పడతవని అడగలే.”

“గెల్చినోడు నా మాటే విన్నడంటడు. ఓడినోడు పరీక్ష పెట్టిండంటడు. మొత్తానికి ఆయనకు చెడ్డపేరు రానియ్యరు.”

“సరే తియ్. గిన్నె తే, పాలు పోస్త.”

“వద్దు.”

“వద్దా? యెమన్‌ల గా కొండ మీవోళ్ళ చేతికొచ్చిందని గల్లీ మొత్తం చెప్పుకుంటుండ్రు. నీ కొడుకు ఫర్హాన్ దిక్కోళ్ళే గెల్చిన్రు గద?”

“గెల్చిన్రు.”

“మరి హరీస్ ఏది? కొడుకు దిక్కోళ్ళు రేవు గెల్చిననాడు గోధుమలు, మాంసం మెత్తగ ఉడకబెట్టి ఇంటింటికి పంచితివి. నాకు సోమవారమని చెప్పినా ఇనకపోతివి.”

“రేవు దొరికితే లడాయి ఖతమన్న.”

“అన్నవ్. ఎయిర్‌పోర్ట్ దొరికినప్పుడు గూడ అన్నవ్.”

“అవుతలోళ్ళు కొండెక్కి గా రేవు మీదనే గుండ్లేసిన్రు. గెల్చిన రేవుల ఒక్క ఓడ ఆగలే. కొండ ఎవనిదో రేవు వానిది. నాకు గది సమజ్ కాలే. ఉట్టిగనే మిఠాయి పంచినట్టు పంచిన.”

“గిప్పుడు కొండ గూడ దొరికె. అయిపోయినట్టే గద?”

“అయిపోయినట్టే. ఇగ అవుతలోళ్ళు మాట్లాడుకుందామని వస్తరు. పెద్దోళ్ళు కుర్చీలల్ల కూసొని చాయ్ తాగుతరు.”

“తాగనియ్! ఫర్హాన్ ఇంటికొస్తడు. రహీమా వదిన ఎంత ఖుషీగుందో... ఏది, కనబడదే?”

“లోపలుంది.”

“మీ తాత నిజాం ఫౌజుల తుపాకి పట్టనీకె గా దేశంకెల్లి వచ్చిండంటివి. మునిమనవడు మల్ల గక్కడికే పాయె.”

“దుకాణం పెట్టుకోనీకె పోయిండు! తుపాకి పట్టనీకె కాదు. దుకాణమున్న గల్లీ ఎవని చేతులుంటే వాడు తుపాకిచ్చిండు. గక్కడనే పక్క గల్లీలున్న మా అన్న కొడుకు సాలెంకు అవుతలోడిచ్చిండు.”

“ఆగాగు. అంటే కొండ మీదున్నది సాలెం వాళ్ళా?”

“ఊఁ.”

“అయ్యో! మరి సాలెం?”

“మంచిగున్నడు. మధ్యాహ్నం ఫోన్ చేసిండు.”

“ఓడినోడు ఫోన్ చేసిండా? మరి గెల్చినోడు? ఫర్హాన్ చెయ్యలేదా?”

“పాలు తీస్కపో వైకుంఠం.”

“జుల్ఫీ భాయ్, పాలు ఎందుకు వద్దన్నవ్? పొయ్యి ముట్టియ్యలేదా?”

“కొండెక్కినోళ్ళల్ల ఫర్హాన్ అందరికంటే ముందటున్నడంట. పడ్డంక సాలెమే గుర్తువట్టిండు. తన దుప్పటి కప్పి, మన్నేసి, అటెంక కొండ దిగిపోయిన్రు.”

“దేవుడా... గుండు ఎవరు...”

“నేను అడగలే. వాడు చెప్పలే.”

“గల్లీల ఎవరికీ తెల్వదే!”

“ఇమాం సాబ్‌కు ఒక్కనికే చెప్పిన. పొద్దుగూకే మగ్రిబ్ నమాజ్ కాంగనే, సచ్చినోళ్ళకు చదివే జనాజా నమాజ్ ఉంటది. మనిషి యాడనో మన్నుల ఉన్నా మా శాఫి పద్ధతోళ్ళల్ల చదువుతరు.”

“కరోనల మా బాపు పోయిననాడు పాడెకు నాలుగో మనిషి దొరకకపాయె. మా వోళ్ళే తలుపులు పెట్టుకుంటే నువ్వొచ్చి భుజం పెట్టినవ్. ఆ రుణం ఎట్ల తీర్సాల్నా అనుకుంటుంటి. గిట్ల మాత్రం అనుకోలే భాయ్.”

“ఎట్ల తీరుస్తవ్? మీ పాడె లెక్క డోలా లేదు, మనిషి లేడు. మొయ్యనీకె ఏముందని?”

“మసీదుల అజా అయితుంది. లే.”

“మోకాళ్ళు లేస్తలేవు వైకుంఠం. ఫోన్ వచ్చిన కాన్నుంచి గిక్కన్నే కూసున్న.”

“మరి మొయ్యనీకె ఏం లేదంటవేంది? నా భుజం మీద చెయ్యెయ్. మసీదు మెట్ల దాక తోల్కపోత.”