ఎడంచేతి వైపు చెరువు

గూడెంలో ఆ రోజు నా తొడ పట్టెయ్యలేదు.

ఈ ముక్క నేను ఇంతవరకు పైకి అనలేదు. ఎవరూ లేనప్పుడు కూడా అనలేదు. ఎనిమిది వందల మీటర్ల ఫైనల్. ఆఖరి మలుపు తిరిగేదాకా నేనే ముందు. వెనక దివ్య ఊపిరి వినపడింది, తర్వాత దాని భుజం కనపడింది. దివ్యది ఆ గూడెమే, తాడేపల్లిగూడెం. మూడేళ్లుగా ఏ మీట్ చూసినా మొదటి రెండు స్థానాలూ మావే, నేను ఒకటి, అది రెండు. ఆ రోజు మాత్రం అది నన్ను దాటేస్తుందని నాకు తెలిసిపోయింది. తెలియగానే కుడి తొడ పట్టుకుని, నాలుగడుగులు కుంటి, ట్రాకు పక్కన కూలబడ్డాను. అందరూ అయ్యో అన్నారు. గెలిచిన దివ్య చప్పట్ల కోసం కూడా ఆగకుండా వెనక్కి పరిగెత్తుకొచ్చి నా కాలికి ఐసు పెట్టింది.

"ఆ ఏలూరమ్మాయి కాలు పట్టేసింది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతేనా" అని గూడెంలో దాని మొహం మీదే అంటున్నారట. మా పోటీలో గెలిచిన ఒక్కరికే రాష్ట్రం మీట్‌లో చోటు. పేరు ఇవ్వడానికి రేపే ఆఖరు. దివ్య ఇంకా ఇవ్వలేదు. "నీ కాలు బాగుంటే ఆ చోటు నీదేనే. నేనెలా వెళ్తాను?" అని నిన్న మెసేజ్ పెట్టింది. నేను జవాబివ్వలేదు.

నాకు కోచ్ అంటూ ఎవరూ లేరు. ఫోన్లో వీడియోలు చూసి, ఏలూరు పక్కన మా వట్లూరు రోడ్ల మీద పొద్దున్నే పరిగెత్తి నేర్చుకున్నాను. అందుకని అడగడానికీ ఎవరూ లేరు. ఇవాళ మధ్యాహ్నం ఇంట్లో కూచోలేక మా వీధి చివర వరలక్ష్మి మామ్మగారి దగ్గరికి వెళ్లాను. జాతీయ పోటీల్లో పరిగెత్తి, డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ వరండాలో చిక్కుళ్లు ఒలుస్తున్నారు. ఏం అడగాలో తోచక, "మామ్మగారూ, మీరు ఎవరి చేతిలోనైనా ఓడిపోయారా అండీ?" అన్నాను. ఫోన్లో రికార్డింగ్ పెట్టుకుంటానంటే సరేనన్నారు. అన్నది అన్నట్టే రాస్తున్నాను.

*

ఓడిపోవడమా? భలేదానివే. అందరూ వచ్చి మెడల్ చూపించండి అంటారు. అదిగో, ఆ బీరువాలో ఉంది, చీరల కింద. కూచో. ఆ కుర్చీలో కాదమ్మా, అది ఊగుతుంది, మా ఆయన ఉన్నన్నాళ్లూ బాగు చేయిస్తాననే అనేవారు. ఆఁ, ఇలా పీట మీద కూచో. చెయ్యి ఖాళీగా ఉంటే నాలుగు ఒలువు.

మాది కొల్లేటికోట, తెలుసుగా నీకు. ఇప్పుడంటే రోడ్డేశారు గానీ అప్పుడు ఎటు చూసినా నీళ్లే. బడికైనా, సంతకైనా దోనెలోనే. తాటిమొద్దు తొలిచి చేస్తారు చూడు, అది. దిగి మోకాలి లోతు బురదలో నడవాలి. ఆ బురదే నా జిమ్ము, మీ భాషలో. కాళ్లు ఎలా ఉండేవనుకున్నావు! మా అమ్మమ్మ తిట్టేది, "ఆడపిల్ల కాళ్లేనా అవి, దుంగల్లా" అని. తిడుతూనే ఆముదం రాసేది.

దోనె దిగాక అవతల రోడ్డు పక్కన మా హైస్కూలు, అందులో డ్రిల్లు మేష్టారు ఉండేవారు. ఆయన చూశారు నన్ను. ఎలాగంటే... బస్సు తప్పిపోతే దాని వెనక పడ్డాను లే. అందుకున్నాను కూడా! అందులో ఈయన కూచున్నారు. "ఏవమ్మా, రేపటి నుంచీ పొద్దున్నే పరిగెత్తు, ఏలూరు తీసుకెళ్తాను" అన్నారు. ఎక్కడ పరిగెత్తను? మా బడికి గ్రౌండ్ అంటూ ఉంటేగా. ఉన్న కాస్త జాగా సగం ఏడాది నీళ్లలోనే ఉండేది. ఆయనేమో రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తించి, చేతి గడియారం చూసుకుని మురిసిపోయేవారు.

అప్పుడే మా ఊళ్లో కొత్తగా చేపల చెరువు తవ్వారు. నలుచదరంగా, పెద్ద గట్టు. నేను ఆ గట్టు మీద పడ్డాను. రోజూ పొద్దున్నే పది చుట్లు. మరి ఎటు తిరిగి? అదీ అసలు సంగతి. చెరువు నా కుడిచేతి వైపు ఉండేలా తిరిగేదాన్ని. గుడి చుట్టూ అలాగే కదమ్మా తిరుగుతాం! ఇంకోలా తిరగొచ్చని నాకు తోచనే లేదు. నాకే కాదు, మా ఊళ్లో ఎవరికి తోస్తుంది? ఏడాది పాటు అలాగే పరిగెత్తాను.

ఏలూరు మీట్ వచ్చింది. మా అమ్మమ్మ క్యారేజీలో చేపల పులుసు, అన్నం పెట్టి ఇచ్చింది. పరిగెత్తే ముందు తినకూడదని నాకెవరు చెప్పారు? శుభ్రంగా తిన్నాను. నవ్వకు, నిజం. గ్రౌండ్‌లో సున్నంతో గీతలు గీశారు. గుండ్రంగా ఎంత ముచ్చటగా ఉందో. నా పక్కన గూడెం పిల్ల నుంచుంది. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు మడిచి కట్టుకుంది. పేరు ఎస్తేరు. వాళ్ల నాన్న రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు, చర్చిలో డోలు వాయించేవాడు. ఆ అమ్మాయి అప్పటికే రెండేళ్లు వరసగా గెలిచింది. నన్ను కిందికీ పైకీ చూసి, "ఏ ఊరు?" అంది. "కొల్లేటికోట." "అక్కడ పరిగెత్తడానికి నేలెక్కడుంది, ఈదుకుంటూ ప్రాక్టీసా?" అంది. ఒళ్లు మండింది నాకు. "వెనకాల నుంచి చూద్దువుగాని ఈదానో పరిగెత్తానో" అన్నాను.

తుపాకీ పేలింది. సూటిగా ఉన్న చోట నేనే ముందు, అంత దూరం ముందు! మలుపు వచ్చింది. వాళ్లంతా ఎడమకి తిరుగుతున్నారు. నా ఒళ్లేమో కుడికి వాలడం నేర్చుకుని కూచుంది. పైగా చెరువుకి నాలుగు మూలలాయె. మూల దగ్గర ఒక్కడుగు దబ్బున వేసి గిరుక్కున తిరగడం నా అలవాటు. ఇక్కడ మూలేదీ? గుండ్రంగా ఉంటేను! లేని మూల కోసం అడుగు వేశాను. అంతే, తూలిపోయి బయటి గీతల్లోకి కొట్టుకుపోయాను. మళ్లీ లోపలికి వచ్చేసరికి ఎస్తేరు ముందు. సూటిగా ఉన్న చోట అందుకుంటాను, మలుపులో మళ్లీ పోతాను. నాలుగు మలుపులు, నాలుగు సార్లూ అంతే. జనం ఒకటే నవ్వు. నాలుగు అడుగుల తేడాలో పోయింది పందెం. కాదు కాదు, మూడే అడుగులు.

మా మేష్టారు ఏమన్నారో తెలుసా? "తిండి పడలేదని చెబుదాం" అన్నారు. పులుసు మీదికి తోసేశారు పాపం. నేనూ సరేనన్నాను. ఓ చెట్టు కింద కూచుని ఏడుస్తున్నాను. ఎస్తేరు వచ్చింది. నవ్వడానికొచ్చిందనుకున్నాను. ఏమందంటే, "ఏవమ్మాయ్, నువ్వు ఇంటి దగ్గర ఎటు తిరిగి పరిగెడతావు?" అంది. నేను చేత్తో గీసి చూపించాను. అది నోరు తెరిచి, నెత్తి కొట్టుకుని, "తిక్కదానా! ట్రాకు మీద లోపలి పక్క ఎప్పుడూ ఎడమచెయ్యే. నువ్వు నాకంటే ఎక్కువ దూరం పరిగెత్తావు, తెలుసా? ఇంటికెళ్లి తిరగేసి పరిగెత్తు" అంది.

చూశావా? చెప్పకపోతే ఇంకో రెండేళ్లు హాయిగా గెలిచేది కదా. తర్వాతెప్పుడో అడిగాను, ఎందుకు చెప్పావే అని. "నువ్వు పడుతూ లేస్తూ వస్తే నిన్ను గెలిచానని ఎలా అనుకోను?" అంది. తిక్కది అదే, నేను కాదు.

సరే, ఇంటికొచ్చాను. మర్నాడు చెరువు ఎడమచేతి వైపు పెట్టుకుని మొదలుపెట్టాను. మా అమ్మమ్మ చూసింది. అమ్మో! "అశుభం తల్లీ, అలా తిరిగేది కర్మలప్పుడే. ఊరికి అరిష్టం తెస్తావా?" అని గట్టు మీద అడ్డంగా నుంచుంది. నాలుగు రోజులు పరుగు లేదు. ఐదో రోజు తనే మెత్తబడి, "సర్లే. ముందు కుడివైపు ఒక చుట్టు నడిచి అమ్మవారికి దణ్ణం పెట్టుకో. తర్వాత నీ చావు నువ్వు చావు" అంది. అప్పటి నుంచీ అదే పద్ధతి. ఒకటి అమ్మవారికి, పది నాకు. తర్వాత పోటీలకి ఢిల్లీ వెళ్లినప్పుడు కూడా పొద్దున్నే ఎవరూ లేనప్పుడు ట్రాకు మీద తిరగేసి ఒక చుట్టు నడిచాను. కావలివాడు పిచ్చిదనుకున్నాడు.

మరుసటి ఏడాది మళ్లీ ఏలూరే, మళ్లీ ఎస్తేరే. నా మలుపులు చూసి జనం లేచి నుంచున్నారమ్మా! గీత పట్టుకుని, గీత మీద దారం పరిచినట్టు తిరిగాను. ఆఖరి యాభై గజాలు భుజం భుజం. దాని జడ ఊడిపోయి నా చెంప మీద కొడుతోంది. ఎలా గెలిచానో నాకు తెలీదు, ఛాతీ అంత తేడా. మా మేష్టారు పంచె మడిచి గెంతారు!

ఇప్పుడు చెప్పేది విను. గూడెం వాళ్లంతా దాని చుట్టూ చేరారు. "జ్వరం వచ్చిందిగా మొన్న", "బూటు కరిచిందిగా" అని వాళ్లే అందిస్తున్నారు. అది వగరుస్తూనే, గట్టిగా, అందరికీ వినపడేలా, "ఏమీ లేదు. నాకు జ్వరం లేదు, ఏమీ లేదు. ఆ అమ్మాయి నాకంటే బాగా పరిగెత్తింది" అంది. అంతవరకు నా చేతిలో కప్పు ఉంది గానీ గెలిచానని నాకు తెలీలేదు. ఆ మాట విన్నాక తెలిసింది. ఎంత పొంగిపోయానో చెప్పలేను. పులుసు మీద పెట్టిన అబద్ధం గుర్తొచ్చి సిగ్గేసింది కూడా.

అప్పట్లో మొదటి ఇద్దరినీ పంపేవారు, జాతీయ పోటీలకి ఢిల్లీ ఇద్దరం వెళ్లాం. ఒకే బెర్తు, ఇటు తల ఒకరు, అటు తల ఒకరు. రాత్రంతా దాని కాళ్లు నా మొహం మీదే. అక్కడ పెద్ద పెద్ద వాళ్లు, మేకుల బూట్లు, ట్రాకు సూట్లు. మమ్మల్ని చూసి వంటమనుషులనుకున్నారు. ఫైనల్ అయ్యేసరికి వాళ్లంతా వెనక, మేమిద్దరం ముందు! మైకులో రెండు పేర్లూ మన వైపువే. నా ఒంట్లో ఉన్నదంతా పెట్టేశాను. అంత బాగా నేను ముందెప్పుడూ పరిగెత్తలేదు, తర్వాతా లేదు. అందులో ఓడిపోయాను. ఆఁ, అదే నువ్వడిగింది. ఎస్తేరు ఒకటి, నేను రెండు.

పేపరువాళ్లు వచ్చి "ఆఖర్లో ఏమైందమ్మా?" అన్నారు. నాకు ఒక్క మాటే తెలుసు. "ఆవిడ నాకంటే బాగా పరిగెత్తింది." ఆ మాటంటుంటే పక్కన దాని మొహం చూడాలి! బంగారం మెడలో వేసినప్పుడు కూడా అంత వెలగలేదు. ఇద్దరం పట్టుకుని గెంతాం. ఇప్పుడు టీవీలో పిల్లలు జెండాలు కప్పుకుని గెంతుతారే, అలాగ. మాకు జెండా ఎవరిచ్చారు? దాని వోణీ నేను కప్పుకున్నాను.

ఎస్తేరు ఇంకా ఉంది లే గూడెంలో. మోకాళ్లు పోయాయి, నోరు మాత్రం బానే ఉంది. అదేంటే, చిక్కుళ్లు వదిలేసి అలా చూస్తావు?

*

"మామ్మగారూ," అన్నాను. "నా కాలికి ఏమీ అవలేదండీ."

ఆగితే మళ్లీ చెప్పలేనని గబగబా అంతా చెప్పేశాను. దివ్య భుజం, కుంటిన నాలుగడుగులు, ఐసు, గూడెంలో మాటలు, రేపటి గడువు. ఆవిడ చిక్కుడుకాయ పట్టుకుని అలాగే విన్నారు.

"నాకెందుకు చెప్తున్నావే?" అన్నారు చివరికి. "నీ పక్కన పరిగెత్తింది నేనా?"

"నన్ను అసహ్యించుకుంటుందండీ."

"అసహ్యించుకోవచ్చు. తిట్టొచ్చు కూడా. తిట్టనీ. కానీ అది గెలిచింది తల్లీ. గెలిచిన సంగతి ఆ పిల్లకి కూడా తెలీదు, నీకొక్కదానికే తెలుసు." నా తల మీద చెయ్యి పెట్టారు, చిక్కుళ్ల వాసన. "మీరిద్దరూ నాకంటే, ఎస్తేరు కంటే బాగా పరిగెత్తాలి. చల్లగా ఉండండి. ఇంక వెళ్లు, నాకు పొయ్యి మీద..." అంటూ మాట సగంలోనే చేట పట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

ఆవిడ వరండా మెట్ల మీదే కూచుని ఇదంతా రాశాను. మెసేజ్ పెడదామని నాలుగు సార్లు మొదలుపెట్టి నాలుగు సార్లు చెరిపేశాను. మెసేజ్ వద్దు. అది ఆ మాట నా గొంతులోంచి వినాలి. వినగానే ఫోన్ పెట్టేసినా సరే. ఇంకా సాయంత్రం కాలేదు, ఈపాటికి ప్రాక్టీసుకి బయల్దేరుతూ ఉంటుంది. అది బూట్లు వేసుకోకముందే దివ్యకి ఫోన్ చేస్తున్నాను.