ఆదెప్ప ఏయించుకున్న సూది

"మా ఇంటాయన సూది ఏయించుకోనంటాండాడు, నువ్వన్నా చెప్పు సుబ్బరత్నా" అని తిప్పమ్మ పొద్దున్నే టీ అంగడికొచ్చి మొరపెట్టుకోని పోయింది. సుబ్బరత్నమ్మ ఏం చెబుతుంది? ఆ సూదిమీద ఆమెకే నమ్మకం లేదు. అరవై దాటిన మనిషి, బత్తలపల్లె నించి కదిరికి పోయే రోడ్డు పక్కన పదైదేండ్లుగా టీ కాస్తోంది. జలుబూ జెరమూ వచ్చేవి వస్తాయి, పోయేవి పోతాయి, దానికి ఏటేటా ఒక పోటు ఎందుకని ఆమె లెక్క.

అట్లని తిప్పమ్మది ఉత్త భయం కాదు. ఆమె మొగుడు కుళ్ళాయప్పకు చిన్నప్పట్నించీ ఆయాసం. పోయిన పుష్యమాసంలో ఊరందరికీ వచ్చినట్టే ఆయనకూ జెరం వచ్చింది. ఊరందరికీ నాలుగు రోజుల్లో తగ్గింది. ఆయనకు రొమ్ము పట్టేసింది. మూడోనాటికి ఊపిరాడక పెదాలు నల్లబడినాయి. జయరాజు తన ఆటోలో వేసుకోని అనంతపురం పెద్దాస్పత్రికి తీసుకుపోతే పదకొండు రోజులు ముక్కుకు గొట్టం పెట్టి ఉంచినారు. మనిషైతే దక్కినాడు. కానీ శెనక్కాయ మూటలు మోసిన మనిషి, ఇప్పుడు ఇంటినించి అంగడిదాకా రావాలంటే రెండుచోట్ల నిలబడి ఊపిరి తీసుకోవాల.

ఆ రోజు స్కూలు వరండాలో క్యాంపు. ధర్మవరం నించి ఒక ట్రస్టు వాళ్ళు ఏటా శెనక్కాయ పీకే కాలానికి వచ్చి, అరవై దాటినోళ్ళకూ ఆయాసమున్నోళ్ళకూ ఫ్లూ సూది వేసిపోతారు. నర్సు సువార్త. మధ్యాహ్నం ఒంటిగంటకు ఐసు పెట్టె మూసుకోని ఇంకో ఊరికి పోవాల.

పదకొండు కావస్తుండగా కుళ్ళాయప్ప వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆటో పక్కన పెట్టి టీ తాగుతున్న జయరాజు క్యాంపు మాట ఎత్తితే, తల అడ్డంగా ఊపినాడు. యముడే పదకొండు రోజులు చేతపట్టుకోని చూసి, పనికిరాడని వదిలేసిన సరుకు తాను, ఇంక సూదులెందుకని అన్నాడు. అదీ నిజమే అనుకుంటూ సుబ్బరత్నమ్మ ఆయనకు టీ అందించింది.

ఆ మాట చివర్లో వచ్చినాడు ఆదెప్ప.

ఆదెప్పకు ఎనభై గొర్రెలు, అరవై నాలుగేండ్లు. ఆయన నోట్లో పడిన ఆవగింజ గుమ్మడికాయై బయటికొస్తుందని ఊర్లో అంటారు. కుళ్ళాయప్పది ఆయన ఈడే. ఇద్దరూ ఒకే ఏడు బడిలో చేరి ఒకే ఏడు ఎగ్గొట్టినోళ్ళు. కుళ్ళాయప్ప సూది వద్దన్నాడని జయరాజు చెప్పగానే ఆదెప్ప చేతికట్టె గోడకు ఆనించి, తువ్వాలు దులిపి, బెంచీ మీద సర్దుకోని కూర్చున్నాడు. అట్ల కూర్చున్నాడంటే గంటసేపు లేవడని సుబ్బరత్నమ్మకు తెలుసు. స్టవ్వు మంట తగ్గించింది.

"పోయినేడు నేను ఏయించుకుంటి గదా కుళ్ళాయీ. ఏముండాది దాంట్లో, చీమ కుట్టినట్టు. సాయంత్రానికి చెయ్యి రవంత బరువైంది, తెల్లారేసరికి అదీ లేదు. ఓస్ ఇంతేనా అనుకుంటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఏమైందని ఎవరూ అడగలేదు. ఆయన్ను అడగాల్సిన పని లేదు. ఆ చలికాలంలో మంచులో తడిసినా ఒక తుమ్ము లేదంట, ఒక దగ్గు లేదంట. సరే, అంతవరకూ బాగుంది. కానీ మందలో గొర్రెలన్నిటికీ చీమిడి ముక్కులంట. ఈయన పోయి మంద నడుమ కూర్చుంటే, ఈయన ఊపిరి తగిలిన గొర్రెకల్లా ముక్కు ఎండిపోయి, ఒకదానెనక ఒకటి వరుసలో వచ్చి నిలబడినాయంట.

"గొర్రెలు గూడా వరుసలో నిలబడినాయి, చూడు" అన్నాడు ఆదెప్ప, కుళ్ళాయప్ప వైపు తిరిగి. కుళ్ళాయప్ప టీ ఊదుకుంటూ ఊఁ కొట్టినాడు.

"ఆ వారమే కదిరి సంతకు పోవాలని బస్సెక్కితి. బస్సునిండా దగ్గులే. డ్రైవరు దగ్గుతాండాడు, కండక్టరు దగ్గుతాండాడు, సంకలో బిడ్డ దగ్గుతాండాది. నేను నడిమి సీట్లో ఊరికే కూర్చుంటినప్పా, ఒక మాట మాట్లాడలా. బస్సు ముదిగుబ్బ చేరేసరికి చీమ చిటుక్కుమంటే ఇనపడేట్టు అయిపాయ. కండక్టరు నన్ను దిగనీలేదు. తిరుగుడు బస్సు ఖాళీగా దగ్గుతాండాది, దాంట్లో గూడా కూర్చోని పో పెద్దాయనా అన్యాడు."

ఖాళీ బస్సు ఎట్ల దగ్గుతుందని జయరాజు అడిగినాడు. నీ ఆటో ఎట్ల దగ్గుతాదో అట్లనే అన్నాడు ఆదెప్ప. సుబ్బరత్నమ్మకు నవ్వాగలేదు. కుళ్ళాయప్ప మాత్రం నవ్వలేదు. ఆదెప్ప అది గమనించినాడు, కథను ఇంకో మెట్టు ఎక్కించినాడు.

ఈసారి జెరమే మనిషి రూపంలో వచ్చిందంట. బక్కపల్చటి మనిషి, చంకలో సంచీ, మిట్టమధ్యాహ్నం గుట్ట కింద ఎదురై కుళ్ళాయప్ప ఇల్లు యాడ అని అడిగిందంట.

"నేను గుర్తుపడితి. ఏడాదికొక అంగీ మార్చుకోనొస్తాది జయరాజూ ఆ ముండ. పోయినేటి అంగీ చూసి గుర్తుపెట్టుకున్నోనికి ఈయేటి అంగీలో దొరకదు. అందుకే ఏటేటా సూది. నాకు కొత్త సూది పడింది గదా, అంగీ చూస్తానే పడితి గుర్తు. కట్టె తీసుకోని తరిమితి. ఆడ తరిమితే రాయదుర్గం, రాయదుర్గం దాటిస్తి, గుమ్మఘట్ట దాటిస్తి. కర్ణాటక పక్కకు పోయినాక ఎనక్కి తిరిగి చూసి కన్నడంలో ఏడ్చుకుంటా పాయ."

అట్ల తరిమేసినోనివి, మరి కుళ్ళాయప్పన్నకు జెరం ఎట్లొచ్చె అని జయరాజు అడిగినాడు. ఊరికే అడిగినాడు. కానీ ఆదెప్ప "అదీ… అది…" అని నసిగి, టీ పంచె మీద ఒలకబోసుకున్నాడు. సుబ్బరత్నమ్మ చూసింది. ఎన్నేండ్లుగానో ఈ మనిషి కోతలు వింటోంది, ఇట్ల మాట తడబడిన రోజు లేదు. తనొక దారిన తరుముతుంటే అది ఇంకో దారిన తిరిగొచ్చిందని ఏదో అనేసి, ఆయన గబగబా ఇంకో కోతకు పోయినాడు.

"అది పోనీ, ఇది ఇను. ఒంట్లో పాత తుమ్ము ఒకటి మిగిలిపోయిండె. గుట్టెక్కినాక వచ్చింది. తుమ్మితి చూడు, కొండమీద కదలకుండా నిలబడిన గాలిమరలన్నీ గిర్రున తిరిగి మూడు రోజులు నిలబడలా. ఆ గాలికి మోడం కదిలి, నా తుమ్ముకు పగిలి, వాన…"

వాన అనేసరికి జయరాజు నవ్వు ఆగిపోయింది. శ్రావణం తర్వాత చుక్క పడలేదు. చేన్లలో శెనక్కాయ సగం మాడి ఉంది. ఆ ఏడు వాన మాట ఎవరూ సరదాకు ఎత్తడం లేదు. ఆదెప్పకూ తెలుసు. అయినా ఎత్తినాడంటే, ఇంక ఎక్కడానికి మెట్టు లేకనే.

కుళ్ళాయప్ప ఖాళీ గ్లాసు కింద పెట్టినాడు. ఊపిరి రెండుసార్లు తీసుకోని మెల్లగా అన్నాడు.

"ఆదెప్పా, గొర్రెలు వరుసలో నిలబడినాయి అంటివి, నమ్ముతా. బస్సు నమ్ముతా. జెరం కన్నడంలో ఏడ్చిందన్యావు, అదీ నమ్ముతా. వాన గూడా కురిసిందనే అనుకుంటా. నువ్వు సూది ఏయించుకున్న్యావనేది ఒక్కటే నమ్మను."

ఆదెప్ప చేతికట్టె అందుకోని లేవబోయినాడు.

"పోయినేడు స్కూలుకాడ నీ ఎనకాల నిలబడింది నేనే గదా. నీ ముందరాయనకు సూది పొడిచేది చూసి, గొర్రెపిల్ల తప్పిపోయిందని పక్కకు జారితివి. ఆదెప్పే వద్దనుకున్న్యాడు, నాకెందుకులే అని నేనూ వచ్చేస్తి."

అప్పుడు సుబ్బరత్నమ్మకు ఒకటి అర్థమైంది. కుళ్ళాయప్ప పెద్దాస్పత్రిలో ఉన్న పదకొండు రోజులూ ఆదెప్ప మందను బామ్మర్దికి అప్పగించి, వార్డు బయట నేలమీద కూర్చున్నాడు. తిప్పమ్మ అన్నం పెట్టినా తినలేదంట. ఆనాడు సుబ్బరత్నమ్మ అదంతా స్నేహమే అనుకుంది.

"తెలిసీ ఏడాది పొడుగునా ఒక్క మాట అనలేదే" అన్నాడు ఆదెప్ప.

"అంటే నువ్వు అంగడికి రావడం మానేస్తావని."

ఆదెప్ప తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తోడేలుకు ఎదురుపోయినా గానీ ఆ సన్నటి సూదిని చూస్తే భయమేసి పారిపోయినానని చెప్పినాడు. ఇందులో కోత లేదని వినేవాళ్ళకు తెలిసింది. "నేను పక్కకు పోకపోయింటే నీ ముక్కుకు ఆ గొట్టం లేకుండె కుళ్ళాయీ" అన్నాడు.

అంతలో టీ కోసం సువార్త వచ్చింది. పెట్టెలో ఇంక ఆరే మిగిలినాయని చెప్పింది. జయరాజు ఆమెను సూటిగా అడిగినాడు, పోయినేడు సూది పడుంటే ఈయనకు జెరం రాకుండునా అని. సువార్త కుళ్ళాయప్ప మొహమూ ఆదెప్ప మొహమూ చూసి, అబద్ధం చెప్పలేదు.

"రాకుండునని నేను చెప్పలేనన్నా. సూది పడినా కొందరికి వస్తుంది. కానీ వస్తే ఆస్పత్రిదాకా పోకుండా ఆపడానికి చానా వరకు పనికొస్తుంది. ఆయాసమున్నోళ్ళకు జలుబు వేరు, ఇది వేరు. పైగా ఈ జెరం ఏటేటా మారుతుంది, పాత సూది బలం గూడా తగ్గిపోతుంది. అందుకే ఏటా కొత్తది వేసేది."

అంటే అంగీ మాటొక్కటి ఆదెప్ప నిజమే చెప్పినాడు. పోయినేడు ఆమె దగ్గర విన్నదే అయ్యుంటుంది. పొడిపించుకోకపోయినా మాట చెవిన పెట్టుకున్నాడు.

కుళ్ళాయప్ప బెంచీ పట్టుకోని లేచినాడు. "పద. ఈసారి నేను ముందర నిలబడతా. నువ్వు నా ఎనకాల రా."

సుబ్బరత్నమ్మ స్టవ్వు ఆర్పేసింది. అంగడి జయరాజును చూసుకోమని, కొంగు సర్దుకోని వాళ్ళ వెనకాలే నడిచింది. ఇన్నేండ్ల తన లెక్క ఎక్కడ తప్పిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. స్కూలు వరండాలో కుళ్ళాయప్ప రెప్ప వేయకుండా పొడిపించుకున్నాడు. ఆదెప్ప కండ్లు గట్టిగా మూసుకోని, రెండో చేత్తో కుళ్ళాయప్ప అంగీ పట్టుకున్నాడు. అయిపోయిందని సువార్త రెండుసార్లు చెప్పిన తర్వాతే వదిలినాడు.

పుష్యమాసంలో కుళ్ళాయప్పకు మళ్ళీ జెరం వచ్చింది. మూడోనాడు జయరాజు ఆటో తెచ్చి ఇంటిముందు పెట్టినాడు. బత్తలపల్లె డాక్టరు చూసి, రొమ్ము పట్టలేదు, ఇంట్లోనే ఉండొచ్చని మందులిచ్చి పంపినాడు. ఐదోనాడు సుబ్బరత్నమ్మ అల్లం టీ తీసుకోని పోతే, మంచం పక్కన ఆదెప్ప ఉన్నాడు. ఐదు రోజులుగా అట్లనే నోరు మెదపకుండా కూర్చున్నాడని తిప్పమ్మ చెప్పింది.

"నువ్విట్ల కూర్చుంటే నేను పోతానేమోనని నాకే అనుమానంగా ఉండాది" అన్నాడు కుళ్ళాయప్ప. "ఏదన్నా ఒక కోత కొయ్యి."

ఆదెప్ప చానాసేపు ఆయన రొమ్ము లేచి పడేది చూసినాడు. సమంగానే లేచి పడుతోంది. అప్పుడు తువ్వాలు దులిపి, సర్దుకోని కూర్చున్నాడు.