పంచుకున్న మాత్రలు

రెండు ఆఫ్రికా దేశాల మధ్య ఉన్న బుసియా సరిహద్దు గేటు దగ్గర లారీలు మూడు రోజులుగా కదలడం లేదు. పక్కనే ఉన్న ఆసుపత్రిలో నర్సు ఒక డ్రైవరు భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"పద్నాలుగు మాత్రలూ వేసుకుంటే ఈపాటికి సుఖవ్యాధి తగ్గిపోవాలే!"

"మా ఆయన ఇక్కడికి రానన్నాడు సిస్టర్. సగం ఆయనకిచ్చాను."

"పంచుకోవడానికి అదేమన్నా చపాతీనా తల్లీ? సగం మందుతో ఇద్దరికీ తగ్గదు. పొద్దున గేటవతల నుంచి వచ్చినావిడా ఇంతే, ఎవడో డ్రైవరిచ్చిన మాత్రలు గుడ్డలో కట్టుకొచ్చింది. మీ ఆయన నీ ఎదుటే మింగాడా?"

"లేదు. నా పాత గుడ్డ చింపి మూటకట్టిచ్చాను. లారీలో వేసుకుంటానన్నాడు."

"ఆ పసుపు గుడ్డేనా?"

నర్సు నాలుక కరుచుకుంది.

"రంగు నేను చెప్పలేదే, సిస్టర్."